కురువిందం నుంచి బెల్ట్ గ్రైండర్ దాకా: మన ధార్ తారీఖ్

ఛురీలు తయారుచేసే షౌక్ పుట్టిన నర్సీపట్నం నౌజవాన్‌కి మొదట ఎదురయ్యే సవాల్ ఇది: జేబులో ఉన్న పైసలకి ఏ బెల్ట్ గ్రైండర్ వస్తుంది? జవాబు ఇచ్చే ముందు కొంచెం తారీఖ్ తిరగేద్దాం. ఆ మిషన్ మీద తిరిగే పట్టీకీ మనకీ చాలా పాత రిష్తా ఉంది.

సాన పట్టడమంటే ఇనుముకన్నా గట్టి రాయితో ఇనుమును అరగదీయడం. వజ్రం తర్వాత గట్టిదనంలో పేరున్న రాయి కురువిందం. తమిళంలో కురుందం అంటారు. యూరప్ వాళ్లు మన దక్కన్, ద్రవిడ దేశాల మాటనే తీసుకుని కొరండం అన్నారు. 1798లో చార్లెస్ గ్రెవిల్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ రాయి మీద వ్యాసం రాశాడు. కెంపూ నీలమూ కూడా ఈ జాతివే. రంగు బాగుంటే ఉంగరంలోకి, మురికిగా ఉంటే సానలోకి. రాళ్లకు కూడా తఖ్దీర్ ఉంటుంది మరి.

మన కారీగర్లు కురువిందాన్ని పొడికొట్టి, కరిగించిన లక్కలో కలిపి చక్రంగా చేసేవాళ్లు. ఇరుసుకి తోలు పటకా చుట్టి షాగిర్ద్ అటూ ఇటూ లాగితే చక్రం తిరిగేది. ఉస్తాద్ ఎదురుగా కూర్చుని కత్తి ఆనించేవాడు. ఆయన ‘ఆహిస్తా’ అంటే షాగిర్ద్ చేతులు నెమ్మదించేవి. ఈ ఆహిస్తా మాట గుర్తుంచుకోండి, మిషన్ కొనేటప్పుడు పనికొస్తుంది.

ఈ పని చేసేవాణ్ని ఫార్సీలో సైఖల్‌గర్ అన్నారు. అరబీలో సైఖల్ అంటే మెరుగు పెట్టేవాడు. జనం నోళ్లలో నలిగి అది సిక్లీగర్ అయింది. దిల్‌కి పట్టిన జంగు వదిలించుకోవడం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు సూఫీ బుజుర్గులు ఎంచుకున్న మాట కూడా సైఖలే.

ఇక ఫౌలాద్ సంగతి. హింద్ ఉక్కుతో చేసిన తల్వార్‌ని అరబ్బులు ముహన్నద్ అన్నారు. పిల్లలకు ఈ పేరు పెట్టుకునేవాళ్లు ఈ రోజుకీ ఉన్నారు. 9వ శతాబ్దంలో ఫిలాసఫర్ అల్-కిందీ తల్వార్ల రకాల మీద ఒక రిసాలా రాశాడు. ఆ ఉక్కు పుట్టిన చోట్లలో ఒకటి మన తెలుగు నేల మీదే ఉంది. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు చేసేవాళ్లు. హెన్రీ వాయ్‌సీ అనే ఇంగ్లీషు డాక్టర్ ఆ పని చూసి రాసిన వివరం 1832లో కలకత్తాలో అచ్చయింది. ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి అంత దూరం వచ్చిన హాజీ హుసేన్ అనే సౌదాగర్ అందులో కనిపిస్తాడు. లండన్‌లో మైఖేల్ ఫారడే కూడా 1820 ప్రాంతంలో, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి, ఈ ఉక్కు రహస్యం పట్టుకోవాలని ప్రయోగాలు చేశాడు.

తర్వాత జమానా మారింది. షెఫీల్డ్ నుంచి ఛురీలు ఓడల్లో దిగాయి. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. తల్వార్‌తో పాటే సిక్లీగర్ రోజీ కూడా తగ్గిపోయింది. కత్తెరలకీ కత్తిపీటలకీ మంగలి కత్తులకీ సాన పడుతూ గల్లీలు తిరగడమే మిగిలింది. 2007లో వెనకబడిన ముస్లిం సమూహాలకు రిజర్వేషన్ ఇస్తూ మన రాష్ట్రం చేసిన చట్టం జాబితా చూడండి. తిరుగటి గంట్లవారు, రోళ్లకు కక్కు కొట్టేవారు అనే పేర్లు కనిపిస్తాయి. ఇంటింటి రోలుకీ తిరుగలికీ గరుకు పెట్టి బతికిన సాయిబులు వాళ్లు. వందల ఏళ్ల హునర్ సర్కార్ కాగితం మీద వెనకబాటుతనంగానే మిగిలింది. అందుకే ఈ పనిలోకి మళ్లీ ఒక కుర్రాడు ఇష్టంతో వస్తానంటే నాకు ఖుషీగా ఉంటుంది.

ఇప్పుడు పట్టీ దగ్గరికి వద్దాం. 1890లలో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కరెంటు కొలిమిలో కార్బొరండం అనే గట్టి పదార్థం చేశాడు. కొద్ది ఏళ్లకే బాక్సైట్‌ని కరిగించి కురువిందాన్నే కొలిమిలో పుట్టించడం నేర్చుకున్నారు. బెల్ట్ వెనక ‘అల్యూమినియం ఆక్సైడ్’ అని రాసి ఉండేది అదే. బాక్సైట్ కోసం దూరం చూడనక్కర్లేదు. నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కితే చింతపల్లి, జెర్రెల కొండల్లో ఉంది. ఆ కొండలు తవ్వొద్దని ఆదివాసీలు ఏళ్ల తరబడి పోరాడారు. కాబట్టి బెల్ట్‌ని దుబారా చేయకండి. దాని అసలు ఖీమత్ బిల్లు మీద ఉండదు.

ఇక ఏది కొనాలి? ఛురీలు చేసేవాళ్లు ఎక్కువగా వాడేది 2 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు బెల్ట్. విదేశాల నుంచి తెప్పిస్తే మిషన్ లక్ష దాటుతుంది. 1 అంగుళం, 30 అంగుళాల బెల్ట్ తిరిగే చిన్న మిషన్ చవక. లెక్క చూడండి: చిన్న బెల్ట్ 30 చదరపు అంగుళాలు, పెద్దది 144. దాదాపు ఐదింతలు. పొడవు ఎక్కువైతే బెల్ట్ చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది, ఎక్కువ కాలం వస్తుంది. ఇంట్లో ఉన్న ఛురీలకు ధార్ పెట్టడానికి చిన్నది చాలు. లారీ కమాన్ పట్టీ నుంచి కొత్త ఛురీ తీయాలంటే పెద్దదే కావాలి. దాని ఫ్రేమ్ వెల్డింగ్ షాపులో చేయించుకుని, ఒకటిన్నర హార్స్‌పవర్ మోటార్ బిగించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ఫ్రేమ్ రంగు మీద, మెరుగుల మీద పైసలు పోయకండి. మిగిలినవి మంచి బెల్ట్‌లకూ వేగం తగ్గించే ఏర్పాటుకూ పెట్టండి.

వేగం ఎందుకంత ముఖ్యం? నిమిషానికి 1440 సార్లు తిరిగే మోటార్‌కి 4 అంగుళాల చక్రం పెడితే బెల్ట్ నిమిషానికి 460 మీటర్లు పరుగెడుతుంది. చక్రం పెద్దదైతే ఇంకా ఎక్కువ. ఆ రాపిడికి పలచటి అంచు క్షణాల్లో కాలుతుంది. పదును పట్టిన ఉక్కు 220 డిగ్రీల దగ్గర గడ్డి రంగుకి తిరుగుతుంది, 300 దగ్గర నీలమవుతుంది. అంచు నీలమైందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. ఎంత సాన పట్టినా ధార్ నిలవదు. అందుకే మూడు ఫేజుల మోటార్‌కి వేగం మార్చే డ్రైవ్ పెట్టుకోండి. అది ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు మీదే నడుస్తుంది. అంత బడ్జెట్ లేకపోతే మెట్ల పుల్లీలైనా చాలు. పక్కన నీళ్ల బకెట్ ఉంచుకుని వేలికి వేడి తగలగానే ముంచండి. ఉస్తాద్ షాగిర్ద్‌తో ‘ఆహిస్తా’ అన్నది కూడా ఈ వేడి కోసమే. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. మెడలో రుమాల్ వేలాడేసుకుని మాత్రం మిషన్ దగ్గరికి వెళ్లొద్దు.

బక్రీద్ రోజుల్లో ఈ పని ఖద్ర్ ఇంకా బాగా తెలుస్తుంది. జబహ్ చేసేవాడు ఛురీకి బాగా ధార్ పెట్టుకుని జానవర్‌కి తక్లీఫ్ తగ్గించాలని సహీ ముస్లింలో హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ రివాయత్ చేసిన హదీస్ చెబుతుంది. కాలిపోయిన అంచుతో మెరిసే ఛురీ చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ హక్కు అదా చేయలేదు.

మీ మొహల్లాలో సాన పట్టే పెద్దాయన ఇంకా తిరుగుతుంటే, మిషన్ కొనే ముందు ఒక పూట ఆయన పక్కన కూర్చోండి. ఛురీని ఎంత వాలుగా ఆనిస్తున్నాడు, ఎప్పుడు నీళ్లలో ముంచుతున్నాడు, ఏ చప్పుడు వినగానే చెయ్యి తీస్తున్నాడు, అన్నీ గమనించండి. ఆ ఇల్మ్‌కి రేటు లేదు. చాయ్ పైసలు మాత్రం మీరే ఇవ్వండి.