బొగ్గు దుమ్ము, బెరీలియం దుమ్ము: ఒక స్ఫటికం చరిత్ర



గోదావరిఖనిలో పెరిగినోళ్లం. బాయి దిగిన పెద్దల దగ్గు వింటూ నిద్రలేచిన ఇళ్లు మనవి. ఈసారి ఒక స్ఫటికం చరిత్ర రాస్తున్నాం. అది కూడా చివరికి ఊపిరితిత్తుల దగ్గరికే వస్తది.

1960లో అమెరికాలో మైమన్ మొదటి లేజర్ వెలిగించారు. మరుసటి ఏడాది మిషిగన్ యూనివర్సిటీలో ఫ్రాంకెన్ బృందం ఎర్రటి లేజర్ కాంతిని క్వార్ట్జ్ స్ఫటికంలోకి పంపింది. 694 నానోమీటర్ల కాంతిలో రవ్వంత, సరిగ్గా సగమై 347తో బయటికొచ్చింది. అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతి. ఫొటో ప్లేటు మీద ఆ చుక్క ఎంత చిన్నదంటే, పత్రికలో అచ్చేసేటప్పుడు మరక అనుకుని తీసేశారు!

అన్ని స్ఫటికాలూ ఈ పని చేయవు. నడిమి బిందువుకు ఇటున్న అమరికే సరిగ్గా ఎదురుగా అటు కూడా ఉంటే, రెండు పక్కల ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటది. 32 స్ఫటిక తరగతుల్లో ఇట్లాంటి కేంద్ర సౌష్ఠవం లేనివి 21. వెతుకులాటంతా వాటిలోనే. సౌష్ఠవాన్ని బట్టి స్ఫటికం గుణాలను లెక్కగట్టే విద్యలో మన తెలుగు మనిషి సూరి భగవంతం గారి పేరు పెద్దది. 1909లో ఆగిరిపల్లిలో పుట్టి, సి.వి. రామన్ దగ్గర పనిచేసి, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఈ విషయం మీదే ఆయన పుస్తకం 1966లో వచ్చింది.

తర్వాతి పెద్ద అడుగు చైనాలో పడింది. ఏ అణువుల గుంపు కాంతిని ఎట్లా మారుస్తదో చెన్ చువాంగ్‌టియన్ బృందం ముందే లెక్కగట్టి, బోరాన్–ఆక్సిజన్ స్ఫటికాలను వెతికింది. బీబీఓ, ఎల్‌బీఓ, తర్వాత కేబీబీఎఫ్ వచ్చాయి. 200 నానోమీటర్లకు దిగువన ఉండేదే డీప్ అల్ట్రావయొలెట్. కేబీబీఎఫ్ 177.3 దాకా దిగింది. 2009 నాటికి చైనా దాన్ని బయటి దేశాలకు ఇవ్వడం ఆపేసింది.

కానీ అందులో బెరీలియం ఉంది. తయారీలో ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు నయంకాని జబ్బు వస్తది. పైగా ఆ స్ఫటికం పొరలు పొరలుగా పెరుగుతది, మందం కొన్ని మిల్లీమీటర్లే. అందుకే బెరీలియం లేని స్ఫటికాల కోసం వేట మొదలైంది. 2017లో చైనాలోనే ఏబీఎఫ్ అనేది బయటికొచ్చింది. అందులో ఉన్నవి అమోనియం, బోరాన్, ఆక్సిజన్, ఫ్లోరిన్.

వస్తువు ఎంత గొప్పదైనా, దాన్ని చేసేటోళ్ల ఊపిరి కూడా లెక్కలోకి రావాలని ఈ చరిత్ర చెప్తున్నది. ఆ సంగతి మనకు ఇంట్లోనే తెలుసు. ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ దారి కూడా ఒకసారి చూడండి. బాయి ఉద్యోగం ఒక్కటే మన దారి కాదు.