తాళాలు ఎవరి బొడ్లో?

మొన్న ఆదివారం మా మనవరాలు సాంఘికశాస్త్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఊగుతూ బట్టీ పడుతోంది. "కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా..." నేను పక్కన కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఉన్నట్టుండి ఊగడం ఆపి, "అమ్మమ్మా, ఉమ్మడి అంటే ఏమిటి?" అంది.

పాపం, దానికెలా తెలుస్తుంది? అది పుట్టి పెరిగింది ముగ్గురున్న ఫ్లాటులో. నేను 1987లో కాపరానికి వెళ్ళింది పదిహేనుమంది ఉన్న ఇంటికి.

మా అత్తగారింట్లో మూడు రకాల తాళాలుండేవి. ఇనప్పెట్టె తాళం మామగారి మొలతాడుకి. కోర్టు వ్యవహారాలూ, పొరుగూళ్ళతో మాటా మంతీ అన్నీ ఆయనవే. ఎవరి గది తాళం ఆ కోడలిది. నా పెట్టె ఎలా సర్దుకోవాలో చెప్పడానికి ఎవరూ వచ్చేవారు కారు. ఇహ సామాన్ల కొట్టుకి రెండు తాళంచెవులు. ఒకటి అత్తగారి బొడ్లో, రెండోది మా పెద్ద తోడికోడలి దగ్గర. ఇద్దరూ తీయొచ్చు. మాట తేడా వస్తే మాత్రం అత్తగారి మాటే చెల్లేది. ఆవిడ "సరే, కానీయ్" అన్నారా, అప్పుడు తోడికోడలి మాట చెల్లేది.

"మన రాజ్యాంగం కూడా ఇంతేనే" అన్నాను. అది నమ్మలేదు.

నవ్వులాటకి అన్నా అది నిజమే. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో ఏడో షెడ్యూలు అని ఒకటుంది. మొదట్లో అందులో కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రాలకి 66, ఉమ్మడిగా 47 రాశారు. ఇదేం కొత్తగా కనిపెట్టింది కాదు. తెల్లవాళ్ళు చేసిన 1935 చట్టంలోనే మూడు జాబితాలున్నాయి. సైన్యం, విదేశీ వ్యవహారాలు, రైళ్ళు, తపాలా, నాణేలు ఢిల్లీ ఇనప్పెట్టెలోవి. పోలీసులు, ఆసుపత్రులు, పొలాలు, కాలవలు రాష్ట్రం గదిలోవి. ఉమ్మడి కొట్లో ఏమున్నాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఐదో అంశంలో పెళ్ళి, విడాకులు, దత్తత, వీలునామా, వారసత్వం, ఉమ్మడి కుటుంబం, పంపకాలు వరసగా ఉన్నాయి. అంటే మన ఆడవాళ్ళ బతుకంతా ఆ ఒక్క అరలోనే ఉందన్నమాట! చదువు మొదట్లో రాష్ట్రం గదిలోనే ఉండేది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో చేసిన 42వ సవరణతో దాన్నీ ఉమ్మడి కొట్లోకి మార్చారు.

"మరి రాష్ట్రం గదిలో ఎవరుంటారు?" అంది మనవరాలు.

గవర్నరుగారిని రాష్ట్రపతి నియమిస్తారు. ప్రభుత్వం నడిచేది ఆయన పేరు మీద, నడిపేది ముఖ్యమంత్రీ మంత్రులూను. వీళ్ళు జవాబు చెప్పుకోవాల్సింది శాసనసభకి. మంత్రుల్ని ఇష్టమొచ్చినంతమందిని పెట్టుకోవడానికి లేదు. 2003లో వచ్చిన సవరణ ప్రకారం సభలో ఉన్నవాళ్ళలో నూటికి పదిహేను మంది మించకూడదు. 175 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 దగ్గర ఆగాలి. మంత్రుల కింద సచివాలయం, ఆ కింద శాఖాధిపతులు, జిల్లాలో కలెక్టరు, మండలంలో తహసీల్దారు. మన దరఖాస్తు ఈ మెట్లన్నీ ఎక్కి దిగేసరికి మన మోకాళ్ళు అరుగుతాయి, అది వేరే సంగతి.

తన గదే అయినా రాష్ట్రం ఓ వసారా దింపుకోవాలంటే పెద్దల్ని అడగాల్సిందే. మన శాసనమండలినే చూడండి. 1958లో వచ్చింది, 1985లో రద్దయింది, 2007లో మళ్ళీ వచ్చింది. పెట్టాలన్నా తీసేయాలన్నా శాసనసభ తీర్మానం చేసి పంపాలి, చట్టం చెయ్యాల్సింది పార్లమెంటు.

ఒక్క తాళమే ఉన్న గది ఎలాంటిదో మన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు చూపించారు. 1992లో దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు, తమ ఊళ్ళో సారా అమ్మడానికి వీల్లేదని అడ్డంపడ్డారు. ఊరూరా అదే పట్టుకుంది. సారా వేలంపాటలనీ అడ్డుకున్నారు. వాళ్ళు ఢిల్లీ దాకా వెళ్ళనక్కర్లేకపోయింది. మత్తు పానీయాలు రాష్ట్ర జాబితాలో ఎనిమిదో అంశం. తాళం మన ముఖ్యమంత్రి దగ్గరే ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, 1997లో ఆ నిషేధం ఎత్తేసిందీ ఆ రాష్ట్రమే. మద్యం మీద పన్ను కూడా ఆ గదిలోనే పడుతుంది మరి! తాళం దగ్గరున్నంత మాత్రాన తలుపు మూసే ఉంటుందని అనుకోకూడదు.

ఇహ రెండు తాళాల కొట్టు సంగతి. అది మా ఇంటి సంగతి కూడా.

1956లో పార్లమెంటు చేసిన హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. కూతురికి అది లేదు. తండ్రి పోయాక ఆయన వాటాలో కాస్త భాగం వచ్చేది, అంతే. ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా మన రాష్ట్రం కూతురికీ పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అది 1986లో 13వ చట్టం, అమలు మాత్రం 1985 సెప్టెంబరు 5 నుంచి. ఉమ్మడి జాబితాలోని అంశం, అందులోనూ కేంద్ర చట్టానికి భిన్నంగా ఉంది కనక, గవర్నరు సంతకంతో సరిపోదు. రాష్ట్రపతి "సరే, కానీయ్" అనాలి. అన్నారు. మన తరవాత తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి. దేశం మొత్తానికి పార్లమెంటు ఆ హక్కు ఇచ్చింది 2005లో. ఢిల్లీకంటే మనం ఇరవైయేళ్ళు ముందున్నామని గర్వంగానే ఉంటుంది నాకు.

అయితే ఆ చట్టంలో ఒక చిన్న మెలిక ఉంది. అమల్లోకి వచ్చే తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించదు.

మా అక్క పెళ్ళి 1983లో. నాది 1987లో. 1998లో నాన్నగారు తాతగారి నుంచి వచ్చిన ఆరెకరాలూ పంచి రిజిస్ట్రీ చేయించారు. అమ్మ అప్పటికే పోయింది. నాన్నగారికి రెండు, అన్నయ్యకి రెండు, నాకు రెండు. దస్తావేజు రాసేవాడికి కాఫీ తెచ్చి ఇచ్చింది అక్క.

ఆ రాత్రి, "నా దాంట్లో ఎకరం నీకిస్తానే అక్కా" అన్నాను. అక్క నవ్వింది. "కాగితంలో నా పేరు లేనప్పుడు నువ్విచ్చేది దానమవుతుంది గానీ వాటా ఎలా అవుతుందే? పడుకో" అంది. నేను మళ్ళీ అడగలేదు. గట్టిగా అడిగి ఉండాల్సింది కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

2005 చట్టం ఆ పెళ్ళి మెలిక తీసేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదేననీ, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఒకటేననీ 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వార్త చదివి అక్కకి ఫోను చేశాను. "మన పంపకాలు ఎప్పుడో రిజిస్టరైపోయాయి కదే. 2004 డిసెంబరు 20కి ముందు జరిగినవి కదపరట, నేనూ చదివాను" అంది. అప్పటికే చదివి ఉంచుకుందన్నమాట!

ఇదంతా విని మా మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే పెద్దమ్మమ్మ చేసిన తప్పేంటి, నీకంటే ముందు పుట్టడమేనా?" అంది.

నాకు జవాబు దొరకలేదు. "నువ్వు పెద్దయ్యాక ఎక్కడ చట్టం చేస్తున్నా, ఏమిస్తున్నారో చూడు. ఏ తేదీ నుంచి ఇస్తున్నారో కూడా చూడు" అన్నాను.

అది బుద్ధిగా తలూపి, మళ్ళీ ఊగడం మొదలెట్టింది. "ఉమ్మడి జాబితా, ఉమ్మడి జాబితా..."