ఒంటిగుండు వేట పిస్తోలు – మరమ్మతు చరిత్ర: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం

ఆయుధాలను వాడినవారి పేర్లు శాసనాలకూ తవారీఖులకూ ఎక్కాయి. వాటి తుప్పు వదిలించి, విరిగిన భాగాన్ని మార్చి, తిరిగి పనికి తెచ్చినవారి పేర్లు ఎక్కలేదు. ఒకసారి మందు దట్టిస్తే ఒకే గుండు పేల్చగల పాతకాలపు వేట పిస్తోలు విషయంలో ఈ లోటు మరీ స్పష్టం. అటువంటి ఆయుధం వందేళ్ళు నిలిచిందంటే, దాన్ని తయారుచేసినవాని కన్నా బాగుచేసినవాని చేతులే దానిమీద ఎక్కువసార్లు పడి ఉంటాయి. ఆ మరమ్మతుకు ఉత్తర తెలంగాణలో ఉన్న లోహ నేపథ్యాన్ని, మరమ్మతు వస్తువుపై మిగిల్చే సాక్ష్యాన్ని, స్వతంత్ర భారత చట్టం దానికి ఇచ్చిన అర్థాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేర్ల సంగతి. 'తుపాకి' తురుష్క భాషనుంచి వచ్చిన మాట. 'పిస్తోలు' ఐరోపానుంచి వచ్చింది. 'తపంచా' పారసీక, హిందుస్తానీల మీదుగా తెలంగాణకు చేరింది. గొట్టం మూతినుంచి మందు నింపి కాల్చే తుపాకికి 'భర్మార్' అనే పేరు నేటికీ వార్తల్లో వినిపిస్తుంది. వేటలో పిస్తోలు ఎప్పుడూ రెండవ ఆయుధమే. దూరపు గురికి పొడవాటి తుపాకి ఉండేది. గాయపడి మీదికి వచ్చే జంతువును దగ్గరనుంచి ఆపడానికి పిస్తోలు. ఏనుగు అంబారీమీద వేటాడినవారు వాడిన పెద్ద గొట్టపు 'హౌదా పిస్తోలు' ఈ కోవలోనిదే. అంత దగ్గరలో, అదీ ఒక్కటే గుండు. అది పేలకపోతే రెండో అవకాశం లేదు. కనుక ఈ ఆయుధానికి నిర్వహణ అలంకారం కాదు, ప్రాణరక్షణ.

ఇసుక ఇనుము, మూస ఉక్కు

జగిత్యాలనుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు వెళ్ళే దారిలో కమ్మర్‌పల్లి వస్తుంది. ఊరి పేరే వృత్తిని చెబుతున్నది. దానికి సమీపంలోని కోనసముద్రం మూస ఉక్కుకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన స్థలం. లాంబ్టన్ నాయకత్వంలోని త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయ్సీ ఇక్కడి పనిని స్వయంగా చూసి రాశాడు. ఆయన 1824లో మరణించాడు. వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు రకాల ఇనుమును మూడు పాళ్ళు, రెండు పాళ్ళుగా కలిపి మూసల్లో కరిగించేవారని, ఒకటి 'మిర్త్‌పల్లి'నుంచి, మరొకటి కొండాపురంనుంచి వచ్చేదని ఆయన నమోదు చేశాడు. మొదటిది ఇనుప ఇసుకనుంచి తీసినది. మిర్త్‌పల్లి అన్నది కోరుట్ల పొరుగునున్న మెట్‌పల్లికి ఆంగ్లేయుని చెవి ఇచ్చిన రూపమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఉచ్చారణ సామ్యం, కోనసముద్రానికి గల సామీప్యం ఇందుకు ఆధారాలు.

ఈ ఉక్కుకోసం పారసీక వర్తకులు ఇంతదూరం వచ్చేవారు. అంతకు ముందే, 1667 ప్రాంతంలో ఈ దారిన వెళ్ళిన ఫ్రెంచి యాత్రికుడు థెవనో, సిరిసిల్లకు పడమరనున్న ఇందల్వాయిలో తయారయ్యే కత్తులు, బాకులు, బల్లేలు దేశమంతటా అమ్ముడుపోయేవని రాశాడు. ఎస్. జైకిషన్ పరిశోధనలు, 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి జరిపిన క్షేత్ర సర్వే ఉత్తర తెలంగాణ పల్లెల్లో చిట్టెం గుట్టలు ఎంత విస్తారంగా ఉన్నాయో చూపాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. కోనసముద్రం ఉక్కు ప్రసిద్ధమైనది కాబట్టి తుపాకి గొట్టాలు దానితోనే చేసి ఉంటారని కొందరు సులువుగా రాసేస్తారు. లోహ స్వభావం దీనికి ఒప్పుకోదు. మూస ఉక్కులో కర్బనం సుమారు 1.5 శాతం వరకు ఉంటుంది. కత్తి అంచుకు అది వరం. పేలుడు ఒత్తిడిని భరించవలసిన గొట్టానికి మాత్రం పెళుసుదనం శాపం. పైగా అది సులభంగా అతుకు పట్టదు. అందుకే గొట్టాలను మెత్తని ఇనుప పట్టీలను చుట్టి, కాల్చి, సాగగొట్టి అతికేవారు. ఆ చుట్ల చారికలు పైకి కనిపించడంతో, మూస ఉక్కు కత్తిమీది నీటిచారలకూ వీటికీ 'డమాస్కస్' అన్న ఒకే పేరు స్థిరపడింది. పేరు ఒకటైనా పనులు వేరు. ఉక్కు అవసరం పిస్తోలులో మరోచోట ఉంది: గుర్రాన్ని ముందుకు తోసే స్ప్రింగులోను, చెకుముకి రాయి ఒరుసుకొనే పలకలోను. అరిగేవి, విరిగేవి కూడా ఇవే.

మందు మిగిల్చే తుప్పు

సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు కాలిన తరువాత సగానికి పైగా ఘనపదార్థంగా మిగులుతుంది. ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని గొట్టాన్ని లోపలినుంచి తినేస్తాయి. వానాకాలంలో ఒక రాత్రి వదిలివేసినా ఎర్రతుప్పు కనిపిస్తుంది. ఈ లవణాలు నూనెలో కరగవు, నీటిలో కరుగుతాయి. ఇనుముకు నీరు శత్రువన్న సాధారణ జ్ఞానానికి విరుద్ధంగా, గొట్టాన్ని ముందు వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆపైన నూనె పట్టించే పద్ధతి నల్లమందు వాడిన దేశాలన్నిటా ఏర్పడింది. రంజకం మండే సన్నని రంధ్రం ప్రతి పేలుడుకూ కొద్దిగా వెడల్పవుతుంది. అది మితిమీరితే మంట వెనక్కి తన్నుతుంది. ఆ రంధ్రాన్ని పూడ్చి కొత్తది తొలిచిన గుర్తు, అందువల్ల, ఆ ఆయుధాన్ని నిజంగా వాడారని చెప్పే ఆనవాలు. గోడకు వేలాడిన కానుక ఆయుధంలో అది ఉండదు.

మరమ్మతు గుర్తులు కాలనిర్ణయానికీ తోడ్పడతాయి. స్కాట్లండుకు చెందిన ఫోర్సైత్ 1807లో పేటెంటు పొందిన రసాయనం ఆధారంగా 1820ల నాటికి రాగి టోపీ పద్ధతి వచ్చింది. అప్పుడు పాత చెకుముకి పిస్తోళ్ళను పారవేయలేదు, మార్చుకున్నారు. రంజకపు పళ్ళెం తీసివేసినచోట పూడ్చిన మరరంధ్రాలు, ఆకారం మారిన గుర్రం, పాత చెక్కుడులోకి సరిగా ఇమడని కొత్త పలక కనిపిస్తే ఆ పని 1820ల తరువాతిదని నిశ్చయించవచ్చు. గొట్టాన్ని పిడి చెక్కకు కట్టిన ఇత్తడి తీగ, రంగు కలవని కొత్త చెక్కముక్క, ఆకురాయి గీతలు కూడా ఇట్లే చదవదగినవి. 1747లో జఫరుద్దౌలా కోసం ఐరోపా ఇంజనీర్లు కట్టారని చెప్పే జగిత్యాల కోటవంటి చోట సిపాయిలతోపాటు ఇటువంటి పని తెలిసినవారు ఉండకుండా గడవదు. వారి చేతిరాత ఈ ఆకురాయి గీతలే.

చట్టం దృష్టిలో మరమ్మతు

బ్రిటిషు ఇండియా 1878 ఆయుధ చట్టం నిజాం రాజ్యానికి నేరుగా వర్తించలేదు. 1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చాక పరిస్థితి మారింది. దాని 5వ సెక్షను తయారీ, అమ్మకాలతోపాటు మరమ్మతును కూడా లైసెన్సు కిందికి తెచ్చింది. తుపాకి స్ప్రింగు మార్చిన కమ్మరి, లైసెన్సు లేకుంటే, నేరస్థుడే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని 1991 సవరణ వేటనే దాదాపు పూర్తిగా ఆపివేశాయి. ఈ లోగా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల రైతాంగ పోరాటాల నేపథ్యంలో 1978 అక్టోబరులో ప్రభుత్వం వాటిని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరువాతి దశాబ్దాల్లో ఇక్కడ 'తపంచా' అన్న మాట వేటను కాక పోలీసు పంచనామాను గుర్తుచేసింది. పాత ఆయుధం ఇంట్లో ఉందని చెప్పుకోవడమే ప్రమాదమైన చోట దాని చరిత్రను అడగడం పరిశోధకునికి సులభం కాదు.

అదే చట్టంలోని 45వ సెక్షను కాలం చెల్లిన, పురావస్తు విలువగల లేదా పాడైన ఆయుధానికి మినహాయింపు ఇస్తున్నది. అయితే మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకిగా పనిచేయలేనిదై ఉండాలి. చరిత్రకారునికి ఈ నియమం విచిత్రమైన చిక్కు. పాతతనం ఒక్కటే చాలదు. బాగుపడే అవకాశం మిగిలి ఉన్నంతకాలం అది ఆయుధమే. నాటి పనివాడు దేనికోసం శ్రమించాడో, నేటి చట్టం సరిగ్గా దాన్నే లేదని రుజువు చేయమంటున్నది.

అందుచేత సంరక్షకుని పని పూర్వపు మరమ్మతుకు వ్యతిరేక దిశలో సాగుతుంది. గొట్టంలో పాత మందు మిగిలి ఉందేమోనని నిపుణునిచేత పరీక్ష చేయించడం మొదటిది. శతాబ్దాల తరువాత కూడా నింపి ఉన్న గొట్టాలు బయటపడుతుంటాయి. ఆపై తుప్పు వ్యాపించకుండా తేమను అదుపు చేయడం, మైనపు పూత ఇవ్వడం వరకే. చింతపండుతో, నిమ్మరసంతో తోమి మెరిపిస్తే లోహపు చారలు, ఆకురాయి గీతలు, అతుకుల జాడలు కలిసి పోతాయి. మ్యూజియం పట్టికల్లో కాలం, రాజ్యం, యజమాని పేరు రాసే గడుల పక్కన, పూడ్చిన రంధ్రాలు ఎన్ని, మార్చిన భాగాలు ఏవి అని నమోదు చేసే గడి కూడా ఉండాలి. విరిగిన స్ప్రింగును విరిగినట్లే ఉంచి, ఏ లోహమో పరీక్షించగలిగితే, మెట్‌పల్లి ఇసుకకూ ఆ పిస్తోలుకూ సంబంధం ఉన్నదో లేదో తేల్చడానికి వీలు కలుగుతుంది.