ఫీడ్‌యార్డు ధూళి: కెమెరా సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది?

అమెరికాలోని టెక్సాస్ పాన్‌హాండిల్ ప్రాంతంలో, అమరిల్లో చుట్టుపక్కల, మాంసం కోసం పెంచే పశువులను వేల సంఖ్యలో ఆరుబయట దొడ్లలో (ఫీడ్‌యార్డుల్లో) ఉంచి మేపుతారు. ఎండిన పేడ గిట్టల కింద నలిగి పొడి అవుతుంది. పగటి వేడి తగ్గాక పశువులు చురుగ్గా తిరగడం మొదలుపెడతాయి. దాదాపు అదే సమయానికి నేల దగ్గరి గాలి నిలకడపడి, లేచిన ధూళి పైకి చెదిరిపోకుండా కిందే పరుచుకుంటుంది. సాయం సంధ్య వేళ ధూళి గరిష్ఠానికి చేరడం అక్కడి కొలతల్లో పదేపదే కనిపించిన విషయం. అయితే అమెరికా 1987లో పీఎం 10కు, అంటే గాలిలోని సన్నని ధూళి కణాలకు, విధించిన ప్రమాణం 24 గంటల సగటుగా ఘనపు మీటరుకు 150 మైక్రోగ్రాములు. ఒకటి రెండు గంటల ఉధృతి ఈ సగటులో కలిసిపోవచ్చు. గాలివాటున నివసించేవారు, దొడ్లలో పనిచేసేవారు పీల్చేది మాత్రం ఆ ఉధృతినే. క్షణక్షణం నమోదు చేయగల కెమెరాపై ఆసక్తికి ఇది ఒక కారణం కావచ్చు.

కంటికి కనిపించేదాన్ని అంకెగా మార్చే ప్రయత్నం పాతదే. పొగ నలుపును పోల్చి చూసే రింగెల్‌మాన్ పటాన్ని సాధారణంగా 1888 నాటిదిగా చెబుతారు. అమెరికాలో అది అచ్చులో పరిచయమైనది 1897లో, విలియం కెంట్ వ్యాసం ద్వారా. అదీ లండన్‌కు చెందిన మరొకరి నుంచి విన్న సమాచారంగా. కాబట్టి మొదటి తేదీని కొంత జాగ్రత్తతోనే స్వీకరించాలి. 1970ల ఆరంభంలో అమెరికా పర్యావరణ సంస్థ 'మెథడ్ 9'ను రూపొందించింది. శిక్షణ పొందిన పరిశీలకుడు పొగ ఎంత దట్టంగా ఉందో 15 సెకన్లకొకటి చొప్పున 24 సార్లు చూసి సగటు తీస్తాడు. 2007లో ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పనిని డిజిటల్ కెమెరాతో చేసిన క్షేత్ర పరీక్షలను ప్రచురించారు. 2009లో ఈ కెమెరా పద్ధతికి ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం నుంచి ఒక ప్రమాణం వెలువడింది. ఈ పద్ధతుల మూలం పొగగొట్టమే అన్నది గమనార్హం. గొట్టం పొగకు అంచులుంటాయి. దొడ్డి ధూళికి ఉండవు. అక్కడ కెమెరాను నమ్మేముందు కొన్ని చిక్కులు చూడాలి.

1. కెమెరా ధూళిని కొలవదు. దూరపు నల్లని వస్తువుకూ దాని వెనకనున్న ఆకాశానికీ మధ్య తేడా ఎంత తగ్గిందో నమోదు చేస్తుంది. దీని నుంచి కాంతి క్షీణత గుణకం లెక్కకట్టవచ్చు. ఆ గుణకాన్ని చూపుదూరంగా మార్చే సూత్రం 1924 నాటి కోష్‌మీడర్‌ది. ఇక్కడే మొదటి వైరుధ్యం. కన్ను గుర్తించగల కనీస తేడాను 0.02గా తీసుకుంటే స్థిరాంకం 3.912, విమానాశ్రయాల్లో వాడే 0.05తో దాదాపు 3. గుణకం కిలోమీటరుకు 2 అనుకుంటే చూపుదూరం మొదటి లెక్కలో 1.96 కిలోమీటర్లు, రెండోదానిలో 1.5. గాలి ఒక్కటే, అంకెలు రెండు. అందువల్ల చూపుదూరం కన్నా గుణకాన్నే నివేదించడం మేలని తోస్తుంది.

2. గుణకం నుంచి ధూళి బరువుకు వెళ్లడం ఇంకా కష్టం. అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో దృశ్యతను గమనించే 'ఇంప్రూవ్' వ్యవస్థ ముతక కణాలకు గ్రాముకు 0.6 చదరపు మీటర్లు, సన్నని మట్టికి 1 చొప్పున లెక్కిస్తుంది. పై ఉదాహరణకే వీటిని వర్తింపజేస్తే, ఘనపు మీటరుకు సుమారు 3,300 మైక్రోగ్రాములు ఒకవైపు, 2,000 మరోవైపు వస్తాయి. కణం పెద్దదయ్యేకొద్దీ అది అడ్డుకునే కాంతితో పోలిస్తే బరువు ఎక్కువ. ఆ లెక్కన, పేడ ధూళికి ఉద్యానవనాల అంకెలు సరిపోతాయని ముందుగా అనుకోవడానికి ఆధారం చాలదు.

3. కెమెరా సొంత ప్రమేయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. జేపెగ్ చిత్రంలో వెలుగునీడలు కంటికి ఇంపుగా సవరించబడి ఉంటాయి. పిక్సెల్ విలువ కాంతికి నేరుగా అనులోమంగా ఉండదు. సవరించని రా ఫైలు, స్థిరమైన ఎక్స్‌పోజర్ వాడితే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది. కటకంలో చెదిరే కాంతి, గురిగా నిలిపిన నల్లని పలకను కొంత తెల్లబరచే అవకాశం అప్పటికీ మిగులుతుంది.

అన్నిటికన్నా బరువైన చిక్కు వేళకు సంబంధించినది. ధూళి గరిష్ఠంగా లేచే గంటలోనే ఆకాశపు వెలుగు వేగంగా మారుతుంది, తర్వాత ఆరిపోతుంది. ఒకే పలక మీద ఆధారపడితే, తేడా తగ్గినది ధూళి వల్లనా వెలుగు తగ్గడం వల్లనా అని విడదీయడం కష్టం. వేర్వేరు దూరాల్లో రెండు నల్లని పలకలను ఒకే చిత్రంలో పోల్చితే ఈ సందేహం కొంత తీరవచ్చు. చీకటి పడ్డాక తెలిసిన తీవ్రత గల దీపాలు అవసరమవుతాయి.

ధూళి బరువు తేల్చడానికి వాడే వడపోత యంత్రం ఒక బిందువు దగ్గరి గాలిని పీలుస్తుంది. కెమెరా మొత్తం చూపుదారి సగటును ఇస్తుంది. ఈ రెండూ ఏకీభవించకపోతే తప్పు కెమెరాదేనని తీర్పు చెప్పడం తొందరపాటే. ఒకే దొడ్డిలో, నీళ్లు చల్లిన సాయంత్రానికీ చల్లకుండా వదిలిన సాయంత్రానికీ తేడా చూపడానికి మాత్రం కెమెరా ఇప్పటికే పనికిరావచ్చు. బరువును అంకెల్లో చెప్పదలిస్తే చూపుదారి పొడవునా పలుచోట్ల వడపోత యంత్రాలు నిలిపి, వేర్వేరు రుతువుల్లో, పేడ తేమను కూడా నమోదు చేస్తూ, ఆ దొడ్డికే చెందిన మార్పిడి గుణకాన్ని ముందు తేల్చాలి.