బరువైన కేంద్రకములు – నిండిన అరలు

మా గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభవేళ, కళాశాల గడప తొక్కని నాకు ఈ బల్లల యొద్దనే పరిచయమైన యొక విషయమును చదువరులకు నివేదించుచున్నాను.

పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో 1896వ సంవత్సరమున జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు హిమాలయములలో తపస్సు చేసి స్వామి జ్ఞానానందులైరి. పిదప ఐరోపాకేగి, ప్రాగ్ నగరమున ఎక్స్ కిరణములను శోధించి డాక్టరు పట్టమందిరి. 1950వ దశకమున విశాఖపట్టణమునకు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు పరమాణు కేంద్రకముల పరిశోధనకు పునాది వేసిరి.

ఆ శాస్త్రమున నొక చిరకాల ప్రశ్న గలదు. ప్రకృతిలో విరివిగా లభించు మూలకములు 92వదగు యురేనియముతో ఏల ముగియుచున్నవి?

కేంద్రకములోని ప్రోటానులు ధనవిద్యుత్తు గలవి యగుటచే పరస్పరము త్రోసికొనును. వానిని బంధించు బలము మిక్కిలి గట్టిదే కాని, ఇరుగుపొరుగు కణములకు మాత్రమే అందును. త్రోపుడన్ననో కేంద్రకమంతటను వ్యాపించును. నేనెఱిగిన లెక్కల భాషలో, కణములు పెరిగినకొలది జమ కంటె ఖర్చు వడిగా పెరుగును. 1940లో ఫ్లెరోవ్, పెట్ర్‌జాక్ అను సోవియట్ శాస్త్రజ్ఞులు యురేనియము తనంత తానే పగులుటను కనుగొనిరి.

అయినను లెక్క అంతటితో ముగియలేదు. కేంద్రకమున కణములు అరలు అరలుగా అమరియుండునని, అర నిండినచో దృఢత్వము హెచ్చునని 1949లో మరియా గోపర్ట్ మేయరు, యెన్‌సెన్ నిరూపించిరి. 82 ప్రోటానులు, 126 న్యూట్రానులు గల సీసము అట్టిది. 114 ప్రోటానులు, 184 న్యూట్రానులు చేరినచోట మఱల నొక స్థిరత్వద్వీపముండునని 1960వ దశకమున ఊహించిరి.

1990వ దశకము చివర రష్యాలోని దుబ్నాలో ప్లుటోనియముపై కాల్షియమును ప్రయోగించి 114వ మూలకమును సృష్టించిరి. దానికి 2012లో ఫ్లెరోవియమని పేరిడిరి. అందు 170 న్యూట్రానులు గలదాని అర్ధాయువు సెకనులో కొన్ని సహస్రాంశములు; 175 గలదానికి సుమారు రెండు సెకనులు. అయిదు న్యూట్రానులు చేరగా ఆయువు వందల రెట్లు పెరిగినది. 184కు ఇంకను తొమ్మిది కొఱత. ద్వీపము తీరము కనబడినదే కాని, నడిబొడ్డున ఎవ్వరును అడుగిడలేదు.

స్వాములవారు 1969లో పరమపదించిరి. విశాఖలోని కేంద్రక పరిశోధనాలయము వారి పేరు దాల్చినది. బరువు పెరిగినంతనే కూలుట తప్పదని తలపరాదు. అమరిక కుదిరినచో బరువైనదియు నిలుచును. మన గ్రంథాలయమునను నిండవలసిన అరలు ఇంకను గలవు. వానిని నింపు బాధ్యత రాబోవు పాతికేండ్ల వారిది.