ప్రీమియర్ పద్మిని ఎత్తు ఎక్కలేక ఆగిపోతోందా? ఫ్యూయల్ పంపు లోపాన్ని ఇలా గుర్తించాలి

ముంబై రోడ్ల మీద 2023 అక్టోబర్‌లో ప్రీమియర్ పద్మిని టాక్సీల శకం ముగిసింది. కానీ ఈ కార్లను సొంతంగా ఉంచుకుని నడిపేవారు దేశమంతటా ఉన్నారు. వారికి తరచూ ఎదురయ్యే సమస్య ఒకటుంది. బండి నిదానంగా బాగానే నడుస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, వేగం పెంచినప్పుడో కుదుపులిచ్చి ఆగిపోతుంది. చాలామంది ముందు కార్బ్యురేటర్ విప్పుతారు. అంతకంటే ముందు చూడాల్సింది ఫ్యూయల్ పంపు.

పంపు ఎలా పనిచేస్తుంది?

ఇంజన్‌లోని క్యామ్‌షాఫ్ట్ తిరిగినప్పుడల్లా పంపు లీవర్ కదిలి, రబ్బరు డయాఫ్రమ్‌ను కిందికి లాగుతుంది. అప్పుడు ట్యాంకు నుంచి పెట్రోల్ వస్తుంది. తర్వాత స్ప్రింగ్ డయాఫ్రమ్‌ను పైకి నెట్టి, ఆ పెట్రోల్‌ను కార్బ్యురేటర్‌కు పంపుతుంది. అంటే ప్రెషర్ ఎంత ఉండాలో ప్రధానంగా నిర్ణయించేది స్ప్రింగే. ఇలాంటి పాత ఇంజన్లలో అది సాధారణంగా 2 నుంచి 4 పీఎస్ఐ మధ్య ఉంటుంది. మీ కారుకు కచ్చితంగా ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

ముందు జాగ్రత్త

ఇంజన్ చల్లారాకే పని మొదలుపెట్టాలి. గాలి ఆడే చోట, మంటలార్పే సిలిండర్ దగ్గర ఉంచుకోవాలి. వేడి ఎగ్జాస్ట్ మీద పడే పెట్రోల్ చుక్క కారునే కాల్చేయగలదు.

పరీక్షల వరుస

1. ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడండి. సమస్య పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. ఫిల్టర్‌నూ, రబ్బరు గొట్టాలనూ కూడా చూడాలి. పీల్చే వైపు గొట్టం పగిలితే పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళ్తుంది. అందుకే ఈ లోపం కంటికి కనిపించదు.

2. కార్బ్యురేటర్ దగ్గర గొట్టం తీసి సీసాలో పెట్టండి. కాయిల్ వైరు తీసి ఎర్త్ చేసి, స్టార్టర్ తిప్పించండి. పెట్రోల్ ఆగి ఆగి, బలంగా చిమ్మాలి.

3. సన్నగా వస్తే, పంపు ఇన్‌లెట్‌కు చిన్న పెట్రోల్ డబ్బా నేరుగా కలిపి మళ్లీ చూడండి. ఇప్పుడు బాగా వస్తే తప్పు పంపుది కాదు, ట్యాంకు నుంచి వచ్చే దారిది.

4. పంపుకూ కార్బ్యురేటర్‌కూ మధ్య టీ జాయింటుతో గేజ్ కలిపి, ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి రీడింగ్ చూడండి. ఆపాక ప్రెషర్ నెమ్మదిగా తగ్గాలి. చటుక్కున పడిపోతే పంపు వాల్వులో, డయాఫ్రమ్‌లో లేదా కార్బ్యురేటర్ నీడిల్‌లో లీకు ఉంది.

ఫలితం ఏం చెబుతుంది?

ప్రెషర్ తక్కువైతే స్ప్రింగ్ బలహీనపడి ఉండవచ్చు, వాల్వులు సరిగా మూసుకోకపోవచ్చు, లీవర్ అరిగి ఉండవచ్చు. ఎక్కువైతే తప్పుడు స్ప్రింగ్ వేసి ఉండవచ్చు. పంపుకూ ఇంజన్‌కూ మధ్య ఉండే మందపాటి స్పేసర్‌ను రిపేరులో వదిలేసినా లీవర్ ఎక్కువ దూరం కదిలి ప్రెషర్ పెరుగుతుంది. అప్పుడు కార్బ్యురేటర్ పొంగి, నల్ల పొగ వస్తుంది. ప్రెషర్ సరిగా ఉండి కూడా పొంగితే నీడిల్ వాల్వును అనుమానించాలి.

వేడెక్కినప్పుడే ఆగి, చల్లారితే నడిచే కారుకు గొట్టంలో పెట్రోల్ ఆవిరి కావడం కారణం కావచ్చు. పంపు మీద తడిగుడ్డ వేస్తే బండి కదులుతుందంటే అదే.

నిర్లక్ష్యం వద్దు

డిప్‌స్టిక్‌కు పెట్రోల్ వాసన వస్తే ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. చిరిగిన డయాఫ్రమ్ నుంచి పెట్రోల్ ఆయిల్‌లో కలిస్తే బేరింగులు దెబ్బతింటాయి. పంపుతో పాటు ఆయిల్ కూడా మార్చాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌ను పాత రబ్బరు భాగాలు తట్టుకోకపోవచ్చు. అందుకే ఇథనాల్‌ను తట్టుకునే డయాఫ్రమ్, గొట్టాలు అడిగి వేయించుకోవడం మంచిది.