లూసియానా కొనుగోలు

లూసియానా కొనుగోలు అనగా 1803లో అమెరికా సంయుక్త రాష్ట్రములు మిసిసిపి నదికి పశ్చిమమున గల విశాల ప్రాంతమును ఫ్రాన్సు నుండి కోటిన్నర డాలర్లకు పొందిన ఒప్పందము. సుమారు 8,28,000 చదరపు మైళ్ళ ఈ ప్రాంతముతో దేశ విస్తీర్ణము దాదాపు రెట్టింపైనది. నేటి 15 రాష్ట్రములు పూర్తిగా గాని, కొంత భాగము గాని ఇందులోనివే. రాజ్యాంగము అమలులోకి వచ్చి అప్పటికి 14 సంవత్సరములే అయినందున, కేంద్ర ప్రభుత్వ అధికారమునకు హద్దు ఏది అన్న వివాదము ఈ కొనుగోలుతో మరల తలెత్తినది.

నేపథ్యము

అపలాచియన్ పర్వతములకు పశ్చిమమున స్థిరపడిన రైతులు తమ పంటను నదిమార్గమున న్యూ ఆర్లియన్స్ రేవుకు చేర్చి ఓడలకెక్కించేవారు. అక్కడ సరకు నిల్వ చేసుకొను హక్కును 1795లో స్పెయిన్ వారికి ఇచ్చినది. 1800లో ఒక రహస్య ఒప్పందము ద్వారా లూసియానాను ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చుటకు స్పెయిన్ అంగీకరించినది. అయితే పాలన ఇంకా స్పెయిన్ చేతిలోనే ఉండగా, 1802 అక్టోబరులో అక్కడి అధికారి నిల్వ హక్కును రద్దు చేసెను. రైతులలో ఆందోళన చెలరేగినది. న్యూ ఆర్లియన్స్‌ను కొనుటకై అధ్యక్షుడు థామస్ జెఫర్సన్, పారిస్‌లోని రాయబారి రాబర్ట్ లివింగ్‌స్టన్‌కు తోడుగా జేమ్స్ మన్రోను పంపెను.

ఒప్పందము

ఫ్రాన్సు వలస అయిన సాన్ డొమింగ్ (నేటి హైతీ)లో బానిసత్వము నుండి బయటపడిన నల్లజాతివారి పోరాటము వలన, విషజ్వరముల వలన ఫ్రెంచి సేన నశించినది. బ్రిటన్‌తో మరల యుద్ధము రానుండెను. అందుచే నెపోలియన్ నగరమునే గాక యావత్తు లూసియానాను అమ్మజూపెను. ఒప్పంద పత్రము 1803 ఏప్రిల్ 30 తేదీతో ఉన్నది.

రాజకీయ వివాదము

అలెగ్జాండర్ హామిల్టన్ ప్రతిపాదించిన జాతీయ బ్యాంకు విషయమున 1791లో, రాజ్యాంగము ఇవ్వని అధికారము కేంద్రమునకు లేదని జెఫర్సన్ వాదించెను. భూమి కొనుగోలు గురించియు రాజ్యాంగములో స్పష్టముగా లేదు. అందుకై ఆయన సవరణ ముసాయిదా వ్రాసెను. కాని ఆమోదమునకు గడువు ఆరు నెలలే కావున, నెపోలియన్ మనసు మార్చుకొనునేమోనని భయపడి దానిని విరమించుకొనెను. కేంద్రమునకు విస్తృత అధికారములు కోరిన ఫెడరలిస్టులలో పలువురు ఇప్పుడు రాజ్యాంగ పరిమితులను ఎత్తిచూపిరి. పశ్చిమమున కొత్త రాష్ట్రములు ఏర్పడినచో ఈశాన్య రాష్ట్రముల పలుకుబడి తగ్గునని వారి భయము. హామిల్టన్ మాత్రము కొనుగోలును సమర్థించెను. అక్టోబరు 20న సెనేట్ 24-7 ఓట్లతో ఒప్పందమును ఆమోదించినది.

పరిణామములు

ఈ భూమిపై తరతరములుగా నివసించుచున్న ఆదివాసి జాతులను ఎవరూ సంప్రదించలేదు. తరువాతి ఒప్పందముల ద్వారా, యుద్ధముల ద్వారా వారి భూములు వారికి దక్కకుండా పోయినవి. కొత్త రాష్ట్రములలో బానిసత్వమును అనుమతించవలెనా అన్న ప్రశ్న మరొక చిక్కు. 1820లో మిస్సోరి రాజీ ద్వారా 36°30′ ఉత్తర అక్షాంశము హద్దుగా నిర్ణయింపబడినను, 1854లో ఆ హద్దు రద్దైనది. 1861లో ఆరంభమైన అంతర్యుద్ధమునకు దారితీసిన వివాదములలో ఇది ముఖ్యమైనది.